తడి ఆరని కారు

కారు కొన్నవాళ్ళు కారులో తిరుగుతారు. పళ్ళావిడ మొగుడు కారు చుట్టూ తిరుగుతాడు. చేతిలో గుడ్డ, నోట్లో ఈల, కళ్ళల్లో అనుమానం.

ముందు ఆవిడకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పాలి. ఒక పళ్ళ డాక్టరమ్మ నడిపే ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆమె పని. మైనంతో అచ్చు తీయడం, గులాబిరంగు చిగుళ్ళు దిద్దడం, పళ్ళు ఒక్కొక్కటిగా వరస పేర్చడం, చివర్న గిర్రున తిరిగే బుల్లి బ్రష్షుకి ఆనించి మెరుగు పెట్టడం. ఇంత వివరం చెప్పుకునే ఓపిక వీధిలో వాళ్ళకి లేదు. పళ్ళావిడ అనేశారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఒకసారి తలుపు కొట్టి అరటిపళ్ళు ఎలా ఇస్తున్నారని అడిగారు కూడా. ఆ వీధిలో ముసలివాళ్ళు హాయిగా నవ్వుతున్నారంటే అందులో చాలా నవ్వులు ఆమె చేతి పనే. ఇంట్లో అత్తగారి నవ్వు కూడా. అయితే అత్తగారు నవ్వడం తక్కువ, ఆ పళ్ళు ఎక్కువగా మాటలకే పనికొస్తాయి.

ఇక ఆయన. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూస్తాడు. చూస్తాడంటే, ఇవ్వకుండా చూస్తాడు. ఎవరికీ ఎప్పుడూ "ఇవ్వం" అని చెప్పి ఎరగడు. అది మర్యాద కాదు. "అయ్యో, తప్పకుండా ఇస్తాం, ఇంకొక్క కాయితం తెచ్చివ్వండి చాలు" అంటాడు. ఆ ఇంకొక్క కాయితం వచ్చేసరికి దాని వెనకాల మరొకటి పుట్టి ఉంటుంది. అడిగినవాళ్ళు చెప్పులరిగి, చివరికి విసిగి, తమదే తప్పనుకుని వెళ్ళిపోతారు. వెళ్తూ వెళ్తూ ఆయనకే దణ్ణం పెడతారు. ఇంత మంచివాడు ఆ ఆఫీసులో ఇంకొకడు లేడని పై అధికారులకి గట్టి నమ్మకం.

కారు ఇద్దరికీ అని కొన్నారు. ఇద్దరూ కలిసే నడపడం నేర్చుకున్నారు, కలిసే పరీక్షకి వెళ్ళారు. ఆమెకి మొదటిసారే లైసెన్సు చేతికొచ్చింది. ఆయనకి ఎన్నోసారికి వచ్చిందో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. వచ్చిన రోజునించీ మాత్రం తాళంచెవి ఆయన జేబులోనే కాపరం పెట్టింది. పోనీ తోలుతాడా అంటే అదీ లేదు. ఆఫీసు వ్యాను పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చి ఎక్కించుకుంటుంది, సాయంత్రం దింపుతుంది. వారమంతా కారు షెడ్డులో గుడ్డ కప్పుకుని పడుకుంటుంది. ఆదివారం ఆ గుడ్డ తీసి, తుడిచి, ఇంజను కాసేపు ఆడించి, మళ్ళీ కప్పేస్తాడు. ఎప్పుడైనా తల్లిని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వస్తే సవాలక్ష షరతులు. లోపల తినకూడదు, తాగకూడదు, తల వెనక్కి ఆనించకూడదు, తుమ్ము వచ్చేట్టుంటే ముందుగా చెప్పాలి. సీట్లది లేత గోధుమరంగు మెత్తటి గుడ్డ, కింద కార్పెట్టుదీ అదే రంగు. దోమ వాలినా కనిపించే రంగు. ఆ రంగు పట్టుబట్టి ఎంచుకున్నది ఆయనే. దోమ వాలితే కనిపించాలనే ఎంచుకున్నాడని ఆమె అనుమానం.

ఒకరోజు సాయంత్రం ఆమె ల్యాబునించి గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. డాక్టరమ్మ ఊరి చివర, కొత్త కాలనీలు దాటాక, ఇంకో ల్యాబు పెడుతోంది. పాతదానికంటే పెద్దది. దానికి ఇన్‌చార్జిగా ఉండమని పళ్ళావిడనే అడిగింది. చెప్పినట్టు వినే పనివాళ్ళు, తనకంటూ ఒక బల్ల, ఆ బల్ల పక్కన కిటికీ. ఇన్నేళ్ళూ ఎవరెవరి సంతకాలతోనో బయటికి వెళ్ళిన పళ్ళు ఇకమీదట ఆమె సంతకంతో వెళ్తాయి. ఒక్కటే చిక్కు. పొద్దున్న ఏడింటికల్లా ఆమే వెళ్ళి తలుపు తీయాలి, అంత పొద్దున్నే అటువైపు బస్సు లేదు.

"మీకు కారుందిగా, నీకు నడపడం వచ్చుగా, ఇంకేమమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఉంది మేడమ్" అని ఆమె గట్టిగానే చెప్పింది.

ఇంటికొచ్చేసరికి ఆయన హాలు మధ్యలో చతికిలబడి ఒక అట్టపెట్టె విప్పుతున్నాడు. అంత జాగ్రత్తగా ఆయన దేన్నీ విప్పగా ఆమె చూడలేదు.

"ఏవండీ, ఒక మాట."

"ఉండుండు. ముందు ఇది చూడు."

పెట్టెలోంచి తీసింది కరెంటు బ్రష్షు. గోడకి చిల్లులు పెట్టే డ్రిల్లు మిషనులాగే పిడి, మీట ఉన్నాయి. చిల్లుపెట్టే మొన ఉండాల్సిన చోట అరచేతంత గుండ్రటి బ్రష్షు. బ్రష్షులు మూడిచ్చారు. తెల్లది మెత్తన, సీట్లకి. పసుపుది కాస్త గరుకు, కార్పెట్టుకి. నల్లది మాత్రం బండరకం, గుడ్డమీద పెడితే గుడ్డ గుడ్డలా మిగలదట. ఇదంతా పెట్టెమీద బొమ్మలతో సహా ఉంది. అయినా ఆయన తను కనిపెట్టినట్టే చెప్పాడు. చెప్పి, వైరు గోడకి తగిలించి, మీట నొక్కాడు. ఇల్లంతా గుర్రుమంది.

"ఎవర్రా వచ్చింది?" అని లోపలినించి అత్తగారు కేకేసింది.

పళ్ళావిడకి నవ్వాగలేదు. తిరిగే బ్రష్షుతో రోజంతా కుస్తీ పట్టి ఇంటికొస్తే, ఇంట్లో దాని పెదనాన్న కూర్చుని ఉన్నాడు. నవ్వుతూనే తన సంగతి చెప్పింది. కొత్త ల్యాబు, ఇన్‌చార్జి, ఏడు గంటలు, బస్సు లేకపోవడం, అన్నీ ఒక్క ఊపిరిలో.

"ఓహో" అన్నాడాయన తెల్లబ్రష్షు బిగిస్తూ. "మంచిదే. కారు తీసుకెళ్ళు. అది నీది మాత్రం కాదా ఏమిటి?"

ఆమె తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది.

"నిజంగానా?"

"నిజంగా కాక? తప్పకుండా తీసుకెళ్ళు. కాకపోతే ఇలా ఎలా ఇస్తాను నీకు? కొత్త ఉద్యోగానికి వెళ్తూ ఆ దుమ్ములో కూర్చుంటావా? ఒక్కసారి లోపలంతా కడిగి ఇస్తా. ఈ ఆదివారమే."

ఆ కారులో దుమ్ము కావాలంటే బయటినించి తెచ్చి చల్లుకోవాలి. అయినా ఆమె మురిసిపోయింది. ఆ మురిపెంలో, ఎదురుగా కూర్చున్న మనిషి ఏ ఉద్యోగం చేస్తాడో మర్చిపోయింది.

ఆదివారం వచ్చింది. సీట్లు వెనక్కి వాల్చి, మ్యాట్లు గోడమీద ఆరేసి, బకెట్టులో షాంపూ కలిపి, ఆయన పనిలోకి దిగాడు. ఆపరేషను గదిలోకి వెళ్ళే డాక్టరుకైనా అంత హోదా ఉండదు. ముందు చెంబులతో నీళ్ళు చల్లడం, తర్వాత నురగ పోయడం, తర్వాత బ్రష్షు ఆనించి మీట నొక్కడం. బ్రష్షు తిరుగుతుంటే నురగ తెల్లగా పొంగి, కాసేపటికి పాలిపోయిన బూడిదరంగుకి దిగేది. ఆ రంగు చూసి ఆయన పరవశించిపోయేవాడు.

"చూశావా! చూశావా ఎంత మురికి ఉందో!"

అది మురికో, కార్పెట్టు రంగే దిగిపోతోందో ఎవరికి తెలుసు. మధ్యాహ్నానికి నురగ తీసేసి పోగులన్నిటినీ ఒకే వైపుకి దువ్వాడు. పళ్ళదువ్వెనతో తల దువ్వినట్టు చారలు చారలుగా వచ్చింది. ఎదురింటివాళ్ళు వచ్చి చూసి ఆహా అన్నారు. ఆయన "ఏదో, వచ్చినట్టు చేశాను" అని సిగ్గుపడ్డాడు. సిగ్గుపడటం కూడా బాగా సాధన చేసినట్టే ఉంది.

"మరి రేపు ఒకసారి అటు వెళ్ళి దారి చూసుకురానా?" అంది ఆమె.

"ఆరనీ. తడిమీద కూర్చుంటే మరకలు పడతాయి."

తలుపులు బార్లా తీసి, ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టాడు. అత్తగారు ఉక్క పోస్తోందని ఏడాదిగా అడుగుతున్న ఫ్యాను అది.

ఆరింది. కనీసం పైకి ఆరినట్టే కనిపించింది. ఆయన వ్యాను దిగి, టిఫిను డబ్బా కూడా లోపల పెట్టకుండా, నేరుగా షెడ్డులోకి వెళ్ళి తల లోపలికి దూర్చాడు. తల బయటికి వచ్చేసరికి ముఖం మాడిపోయి ఉంది.

"ఏదో వాసన."

ఆమె కూడా తల పెట్టి చూసింది. నిజమే. మూసిన గదిలో తడిబట్ట మర్చిపోతే వచ్చే ముక్కిన వాసన.

ఆయనలోని ఆఫీసరు నిద్రలేచాడు. వాసనంటే కారణం ఉండాలి, కారణమంటే ఎవరో ఒకరు బాధ్యులు ఉండాలి. ఆ బాధ్యులు తను కాకూడదన్నది ఎలాగూ ఉన్నదే. మొదటి నేరస్థురాలు ఆమె టిఫిను డబ్బా. నెలల కిందట ఎప్పుడో కారులో పెట్టుకుని వెళ్ళిందట.

"మూత గట్టిగానే ఉంటుందండీ."

"ఆవిరి పోతుంది. మూతకి తెలుస్తుందా?"

మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నురగ, మళ్ళీ గుర్రు. ఈసారి షాంపూ కాస్త ఎక్కువ, నీళ్ళు ఇంకాస్త ఎక్కువ. మళ్ళీ ఆరబెట్టడం. ఈసారి ఫ్యానుతో ఆగకుండా కారులో ఏసీ కూడా ఆడించాడు. ఆరాక మళ్ళీ వాసన, అదీ మొదటికంటే ముదిరి. అప్పుడు నేరం అత్తగారి మోకాళ్ళ మందు మీదికి మళ్ళింది.

"అమ్మా, నువ్వు ఆ పూత రాసుకుని కారెక్కకూడదని చెప్పానా లేదా?"

అత్తగారు ఒంటికాలి మీద లేచింది. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి అలా లేవగలదని ఎవరూ అనుకోరు.

"ఏవిట్రా నువ్వనేది? నా మందు కంపా? నిన్ను కని, నీ ముక్కు తుడిచి ఇంతవాణ్ణి చేస్తే, ఇవాళ ఆ ముక్కుతో నన్నే వాసన చూస్తావా?"

"అలా అనలేదమ్మా..."

"ఇంకేమన్నావు మరి? అమ్మాయ్, నువ్వు విన్నావుగా, ఏమన్నాడో చెప్పు!"

కోడలు విననట్టు ఊరుకుంది. తల్లికీ కొడుక్కీ మధ్య దూరిన కోడలు బాగుపడగా ఆమె ఎక్కడా చూడలేదు. కానీ ఆ రోజునించి అత్తగారు కొడుకు పక్షం వదిలేసిందని మాత్రం గమనించింది.

మందు మీద కేసు తేలకుండానే కారు మరోసారి కడగబడింది. ఆ తర్వాత మిగిలింది పళ్ళావిడే. ఆమె బట్టలకి ల్యాబు వాసన ఉంటుందట. పళ్ళు పోసే ద్రావకం వాసన కార్పెట్టు పీల్చుకుంటుందట. ఆమె ఆ కార్పెట్టు మీద కాలుపెట్టి నెలలయింది. ఆ మాటే అంటే, "అదే మరి, పాత వాసన పట్టుకుంటే వదలదు" అని తేల్చాడు.

అక్కడ ల్యాబులో డాక్టరమ్మ రోజూ అడుగుతోంది.

"ఏమ్మా, దారి ఒకసారి చూసుకున్నావా?"

"కారు ఆరగానే వెళ్తాను మేడమ్."

"నిన్నా అదే చెప్పావు. ఆరడమేమిటి? కారు ఏట్లో పడిందా?"

పక్క బల్లలవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. నవ్వినవాళ్ళలో స్కూటరావిడ కూడా ఉంది. ఆ అమ్మాయికి స్కూటరుంది, ఏడింటికి ఎక్కడికైనా వెళ్ళగలదు, కొత్త ల్యాబు మీద కన్ను కూడా ఉంది. పని మాత్రం రాదు. పై పళ్ళు కింద, కింద పళ్ళు పైన పెట్టి ఒకసారి ఒక పెద్దాయన్ని నాలుగు రోజులు మూగవాణ్ణి చేసింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఆమెని తన గదిలోకి పిలిచింది.

"చూడమ్మా, పని నీకే వచ్చు, నాకు తెలుసు. కానీ ఒకటో తారీఖు పొద్దున్న ఏడింటికి తలుపు తెరుచుకోవాలి. నువ్వు రాలేకపోతే స్కూటరావిడకి చెబుతాను. అప్పుడు నామీద కోపం తెచ్చుకోకు."

కోపమెందుకు తెచ్చుకుంటుంది, ఏడుపొచ్చింది. రిక్షాకో ఆటోకో ఒప్పందం మాట్లాడుకుందామని కూడా చూసింది. అంత పొద్దున్న, అంత దూరం, తిరుగు బేరం లేని దారికి ఎవరూ రామన్నారు. ఇంట్లో మూడడుగుల దూరంలో కారుండగా ఆటోవాణ్ణి బతిమాలుకుంటున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

మర్నాడు ఆమెకి సెలవు. ఆయన ఆఫీసుకి వెళ్ళాడు. కారు షెడ్డులో నాలుగు తలుపులూ బార్లా తెరుచుకుని, ఎండుతూ, ఎండకుండా ఉంది. ఆమె చెప్పులు విడిచి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. ఊరికే. ఎలా ఉంటుందో చూద్దామని. చేతులు చక్రం మీద పెట్టింది. తాళంచెవి లేకపోయినా గేరు మార్చింది. ఊరి చివరి ల్యాబుదాకా మనసులోనే నడిపించింది. మలుపు దగ్గర బ్రేకు నొక్కింది.

నొక్కేసరికి మడమ కింద చల్లగా తగిలింది. చూస్తే కార్పెట్టులోంచి నీళ్ళు ఊరి వేళ్ళ సందుల్లోకి వస్తున్నాయి.

ఆమె దిగి, కార్పెట్టు అంచు గోళ్ళతో పట్టుకుని పైకెత్తింది. గుప్పుమని వాసన ముఖాన్ని కొట్టింది. కింద వేసిన దళసరి స్పాంజి నీళ్ళలో నానిన రొట్టెలా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే వేలు మునిగింది. ఆయన బ్రష్షు తిప్పినప్పుడల్లా పైన నురగ తీసింది, పోసిన నీళ్ళన్నిటినీ తొక్కి తొక్కి కిందికి పంపింది. పైన ఎండుతోంది, కింద మురుగుతోంది. మురిగిన వాసన పోగొట్టడానికి మళ్ళీ పైనించి నీళ్ళు. టిఫిను డబ్బా లేదు, మోకాళ్ళ మందు లేదు, ల్యాబు లేదు. అంతా ఆ మిషను చలవే.

"అత్తయ్యా! ఒకసారి ఇలా రండి!"

అత్తగారు వచ్చింది, వంగింది, వేలు పెట్టింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె ముఖంలో వెలిగిన సంతోషం చూసి తీరాలి.

"అయితే నా మందు కాదన్నమాట! రానీ వాణ్ణి. ఇవాళ నా చేతిలో అయిపోయాడు."

సాయంత్రం ఆయన వ్యాను దిగేసరికి ఇద్దరూ షెడ్డులో నిలబడి ఉన్నారు. ఆమె కార్పెట్టు ఎత్తి చూపించింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. కాలిపోయిన గోడౌను చూడటానికి వెళ్ళిన ఆఫీసరులా చాలాసేపు చూశాడు. ఆమెకి ఒక్క క్షణం జాలి కూడా వేసింది. పాపం, ఇన్ని ఆదివారాలు పడిన కష్టం. ఇప్పుడైనా ఒప్పుకుంటాడు, ఇద్దరం కలిసి ఆ స్పాంజి పీకి ఎండలో పడేద్దాం అనుకుంది.

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు.

"అంటే ఈ బ్రష్షు అడుగుదాకా వెళ్ళడం లేదన్నమాట. ఇంకా పెద్దది కావాలి."

అత్తగారు నోరు వెళ్ళబెట్టింది. కట్టుడు పళ్ళు జారబోయి ఆగాయి.

"ఎల్లుండి ఒకటో తారీఖండీ" అంది ఆమె. "నేను వెళ్ళకపోతే ఆ పని ఇంకొకళ్ళకి పోతుంది. తడిదైనా, కంపుదైనా నాకు ఫరవాలేదు. కారు ఇవ్వండి."

"ఇస్తానన్నానుగా. ఆరగానే..."

"ఆరితే ఇస్తారా? నా కళ్ళల్లోకి చూసి చెప్పండి. ఈ సాయంత్రమే పొడిపొడిగా ఆరిపోయిందనుకోండి. రేపు పొద్దున్న తాళంచెవి నా చేతిలో పెడతారా?"

ఆయన నీళ్ళు నమిలాడు. కారులో పోసినవి పోగా మిగిలినవన్నీ నమిలినట్టుంది.

"అది కాదు... నువ్వు రోజూ ఎక్కి, దిగి, ఆ మట్టి దారుల్లో తోలితే... అది మామూలు కారైపోతుంది."

ఎంతకాలానికో ఒక నిజం బయటపడింది. పెద్ద దుర్మార్గమేమీ లేదందులో. ఆమె బాగుపడటం ఇష్టం లేదని కాదు. ఆమె బాగుపడటం గురించి ఆయన అసలు ఆలోచించనేలేదు. ఆమెకి ఒళ్ళు మండింది. దుర్మార్గుడైతే నాలుగు తిట్లు తిట్టి మనసు చల్లబరుచుకునేది. ఈ మనిషిని ఏమని తిట్టాలి?

"మామూలు కారే కావాలి నాకు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఒకటో తారీఖు పొద్దున్న ఆమె తయారై బయటికొచ్చేసరికి షెడ్డులోంచి గుర్రుమని వినిపించింది. ఆయన అప్పటికే లేచాడు. బనీను, మోకాళ్ళదాకా మడిచిన పైజమా, మోచేతులదాకా నురగ. వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని తెల్లబ్రష్షు తిప్పుతున్నాడు. ముందు సీట్లు అప్పుడే కడిగినట్టు నిగనిగలాడుతున్నాయి. తడి లాగడానికి ఏసీ ఆడుతోంది, ఇంజను నడుస్తోంది, తాళంచెవి దాని చోట దానిది వేలాడుతోంది.

"ఏం చేస్తున్నారండీ?"

"నీకోసమేనోయ్. మొదటిరోజు కదా, శుభ్రంగా ఉండాలని. మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. ఇవాళ్టికి సెలవు చెప్పేసి రేపటినించి దర్జాగా తీసుకెళ్ళు."

ఎంత ప్రేమగా చెప్పాడంటే, ఇంకో ఆవిడైతే దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళిపోయేది.

పళ్ళావిడ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. చల్లటి నీళ్ళు నడుముదాకా బట్టల్లోకి ఎక్కాయి. తలుపు వేసుకుంది.

"ఏయ్, ఏయ్! తడి!"

"అత్తయ్యా, గేటు!"

గేటు అప్పటికే తీసి ఉంది. అత్తగారు దాని పక్కన, మోకాళ్ళకి దిట్టంగా మందు పట్టించుకుని, నిలబడి ఉంది. కారు కదిలింది. వైరు సాగింది, సాగింది, గోడనించి ఊడి టప్పున పడింది. బ్రష్షు గొంతు నొక్కేసినట్టు ఆగిపోయింది. ఆయన వెనక తలుపు మూసుకోకపోతే పడిపోయేవాడే. కారు వీధిలో పడ్డాక గబుక్కున లాక్కుని మూసుకున్నాడు.

"ఆపు! నాకు చెప్పులు కూడా లేవు!"

"ఆపితే మళ్ళీ ఎక్కనివ్వరు మీరు."

మొదటి మలుపు దగ్గర ఆమె చక్రాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. రెండో మలుపు దగ్గర కాస్త కుదుటపడింది. పెద్దరోడ్డు ఎక్కాక గేరు మార్చి, అద్దం కొద్దిగా దింపింది. గాలి తగిలింది. బ్రేకు నొక్కినప్పుడల్లా కింద స్పాంజి చప్పుడు చేస్తోంది, వీపు తడిసి ముద్దయింది, కారంతా మురుగు కంపు, వెనకనించి ఆయన "ముందు లారీ, ముందు లారీ" అని లేని బ్రేకులు తొక్కుతున్నాడు. ఆమెకి ఎంత సంతోషంగా ఉందో చెప్పడానికి లేదు. పాట కూడా పాడేది, కానీ నడపడం మీదే మనసు పెట్టింది.

కాలనీలు దాటాక రోడ్డు మట్టిదారిలోకి దిగింది. వెనకనించి ఒక మూలుగు వినిపించింది. ఆమె వేగం తగ్గించలేదు.

డాక్టరమ్మ తన కారు చెట్టు నీడలో పెట్టుకుని, ల్యాబు మెట్ల మీద నిలబడి ఉంది. ఏడు ఇంకా కాలేదు. పళ్ళావిడ ఇంజను ఆపి, తాళంచెవి తీసుకుని దిగింది. వెనకంతా తడి. దాచుకోలేదు. వెనక తలుపు తీసుకుని ఆయన కూడా దిగాడు. బనీను, నురగ, ఉత్తకాళ్ళు, చేతిలో పిస్తోలు పట్టుకున్నట్టు ఆ బ్రష్షు.

డాక్టరమ్మ ఆయన్ని పైనించి కిందిదాకా చూసింది.

"ఎవరమ్మా?"

"మా ఆయన మేడమ్. కారు శుభ్రం చేస్తుంటారు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఈలోగా డాక్టరమ్మ వంగి, వాసనకి ముక్కు చిట్లించుకుంటూనే, తెరిచిన తలుపులోంచి లోపలికి చూసింది.

"అబ్బ! కార్పెట్టు ఇలా దువ్వినట్టు ఎలా వచ్చిందండీ? మా కారులో మా మనవడు కాఫీ ఒలకబోశాడు. ఎంతమందికి ఇచ్చినా పోలేదు."

ఆయన నిలబడ్డ తీరే మారిపోయింది. భుజాలు లేచాయి, మెడ సాగింది. బనీను సర్దుకున్నాడు.

"ఒలికి ఎన్నాళ్ళయింది? పాల కాఫీయా, ఉత్త కాఫీయా? వేడినీళ్ళు పోయలేదు కదా? అయ్యయ్యో, పోశారా! చూపించండి, చూపించండి. దీనికి పసుపు బ్రష్షు కావాలి."

ఉత్తకాళ్ళతో, గుచ్చుకునే కంకరరాళ్ళ మీద, పరుగులాంటి నడకతో డాక్టరమ్మ కారువైపు వెళ్తున్నాడు. నవ్వు కాదు, అంతకంటే ఎక్కువే ఏదో ఆ ముఖం నిండా ఉంది. పళ్ళావిడ కదలకుండా నిలబడి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను చెప్పిన ఏ మాటకీ ఆ ముఖం అలా వెలగలేదు. ఆ సంగతి ఆమెకి ఇంతవరకూ తెలియదు. తెలిసేసరికి లోపల ఎక్కడో కలుక్కుమంది. పొద్దున్ననించి పడిన సంతోషంలో సగం ఆ మెట్ల దగ్గరే జారిపోయింది.

ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపాడు.

"ఏమోయ్, ఆ తాళంచెవి ఇలా పడెయ్. ఇంటికెళ్ళి పసుపు బ్రష్షు తెస్తా."

"సాయంత్రం నేనే తోలుకొస్తాను" అంది ఆమె. "మీరు కావాలంటే వెనక కూర్చుందురుగాని."

చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఆమె డాక్టరమ్మ ఇచ్చిన ల్యాబు తాళం తీసుకుని, తడిబట్టలతోనే మెట్లెక్కి, తలుపు తీసింది.